గాలి గట్టిగా వీచిన రోజే ఆగిపోయిన గాలిమర

మా పల్లె తలకోన కొండల కింద. కరెంటు ఉంది కానీ లైను అడవిలోంచి రావాలి. పెద్ద వానకు చెట్టు విరిగి పడితే మళ్లీ ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కీ తెలీదు. అందుకే మూడు ఇళ్లవాళ్లం కలిసి సోలార్, చిన్న గాలిమర, బ్యాటరీలు ఉన్న హైబ్రిడ్ సిస్టమ్ పెట్టించుకున్నాం. ప్యానెళ్ల మీద, ఇన్వర్టర్ మీద నాకు ఫిర్యాదు లేదు. కోపమంతా గాలిమర మీదే.

అమ్మినాయన చెప్పింది వినడానికి బాగుంది. ఎండ లేనప్పుడు గాలి ఉంటుంది, గాలి లేనప్పుడు ఎండ కాస్తుంది అన్నాడు. ఆషాఢంలో అది నిజమే. మబ్బు పట్టినా పడమటి గాలి రాత్రంతా తిప్పుతుంది, తెల్లారేసరికి బ్యాటరీ నిండుతుంది. అడిగినవాళ్లందరికీ పెట్టించుకోమనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెబితే ఆషాఢం వరకే చెబుతాను.

మన వైపు తుపాన్లొచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుపానుకు ముందే కరెంటు పోయింది. పగలు కూడా చీకటే, ప్యానెళ్ల నుంచి వచ్చింది దాదాపు సున్నా. సరే, గాలిమర ఉందిగా అనుకున్నాం. గాలి లేచింది. రెక్కలు గిర్రున తిరిగాయి, చూస్తుండగానే ఆగిపోయాయి. కంట్రోలర్ మీద ఎర్ర లైటు. పక్కింటి పెద్దాయన గొడుగు పట్టుకుని వచ్చి, "ఇంత గాలుంటే మీ ఫ్యాను తిరగదేం నాయనా?" అన్నాడు. ఏం చెప్పను? ఫోన్ టవర్ కూడా పడుకుంది. రెండో రాత్రికి బ్యాటరీ కట్ అయింది, ఆవుల పాలు టార్చిలైటు పట్టుకుని పిండాం.

తర్వాత తెలిసింది, అది చెడిపోవడం కాదట. గాలి హద్దు దాటితే రెక్కలు విరగకుండా బ్రేకు పడుతుంది. మామూలు రోజుల్లోనేమో గాలి చాలదు. గాలి వేగం సగమైతే వచ్చే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతే. మా గాలిమర స్తంభం చుట్టూ మామిడి తోపు, రెండు పక్కలా కొండ. ఏడాది సగటు గాలి పట్టుకుని లెక్క వేస్తే ఇవేవీ కనబడవు. మీరు పెట్టించుకుంటే నవంబరు లెక్క విడిగా అడగండి. ఎండ లేకుండా బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందో కూడా అడగండి. అది లెడ్ యాసిడ్ ట్యూబులర్ రకం బ్యాటరీ అయితే సగానికి మించి వాడకూడదు, కాబట్టి బ్యాటరీ మీద రాసి ఉన్న కెపాసిటీలో సగమే మీది అనుకోండి.

ఆ తుపానులో పరువు నిలిపింది నీళ్ల ట్యాంకు. తాగునీటి మోటారుకు వేరే ప్యానెళ్లున్నాయి, బ్యాటరీతో పని లేదు, ఎండ ఉన్నంతసేపూ తోడి పైకి ఎక్కిస్తుంది. ముందే నిండి ఉంది కాబట్టి నీళ్లకు టెన్షన్ పడలేదు. మొత్తం డిజైన్‌లో నాకు బాగా నచ్చింది ఇదే, అమ్మినాయన మాత్రం దీని గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

మా చోట మళ్లీ కొనాల్సి వస్తే గాలిమర డబ్బు బ్యాటరీలకే పెడతాను. పలమనేరు, పుంగనూరు వైపు ఎత్తు మీద, చెట్లు లేని బయలులో ఉన్నవాళ్ల సంగతి వేరేగా ఉండొచ్చు. తిరుమల కొండల మీద పెద్ద గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి కదా. మాది పీకేద్దామంటే మూడు ఇళ్ల సొమ్ము, మా బావ ఇంకా ఒప్పుకోలేదు. ఆషాఢం వచ్చాక చూద్దామంటాడు.