కారు ఆడియోకి విడిగా డీఎస్‌పీ కావాలా? కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కారులో విడిగా సౌండ్ ప్రాసెసర్, అంటే స్టీరియో నుంచి వచ్చే సౌండ్‌ని సరిచేసి పంపే డీఎస్‌పీ, పెట్టించాలా అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే: మీ స్టీరియో కారుతో వచ్చిందా, బయట వేయించుకున్నదా? జవాబు సగం అక్కడే తేలిపోతుంది.

నాది కారుతో వచ్చినదే. రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు అన్నీ ఆ స్క్రీన్‌తో ముడిపడి ఉన్నాయి కాబట్టి దాన్ని తీసే వీల్లేదు. ఆంప్‌కి, అంటే స్పీకర్లకి బలం ఇచ్చే యాంప్లిఫయర్‌కి, కలపడానికి ఆర్‌సీఏ అవుట్‌పుట్ అనే సాకెట్ దానికి లేదు. పైగా సౌండ్ పెంచేకొద్దీ బేస్ తనంతట తానే తగ్గిపోతుంది. లోపలి చిన్న స్పీకర్లు పాడవకుండా కంపెనీ పెట్టిన ఏర్పాటు అది. మనం స్పీకర్లు మార్చి, బేస్ కోసం విడిగా సబ్‌వూఫర్ పెట్టినా ఆ ఏర్పాటు పోదు. అందుకే స్టీరియో వాల్యూమ్‌ని ఒకచోట ఉంచేసి, డీఎస్‌పీతో వచ్చిన రిమోట్ నాబ్‌తోనే పెంచుతాను, తగ్గిస్తాను. స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్లు దాదాపు వదులుకున్నట్టే. రోజూ నడిపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, ముందే ఆలోచించుకోండి.

నేను డబ్బు పెట్టింది మాత్రం ముఖ్యంగా టైమ్ అలైన్‌మెంట్ కోసం, అంటే అన్ని స్పీకర్ల శబ్దం ఒకేసారి చెవికి చేరేలా చేయడం కోసం. మన కార్లలో డ్రైవర్ కూర్చునేది కుడివైపు. కుడి డోర్ స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. నా సీటు నుంచి టేపుతో కొలిస్తే తేడా సుమారు 50 సెంటీమీటర్లు. శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి కుడి స్పీకర్‌ని ఒకటిన్నర మిల్లీసెకను ఆలస్యం చేస్తే రెండూ ఒకేసారి చెవికి చేరతాయి. బ్యాలెన్స్ ఎడమకి తిప్పితే చాలదా అంటారు. చాలదు. అది సౌండ్ ఎంత రావాలో మారుస్తుంది కానీ ఎప్పుడు రావాలో మార్చదు. ముందు వినిపించిన వైపుకే చెవి మొగ్గుతుంది.

దీన్ని పరీక్షించాలంటే 1950లు, 60ల నాటి పాత సినిమా పాటలు పెట్టండి. అవి మోనో రికార్డింగులు, రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే. సెట్టింగ్ కుదిరితే ఘంటసాల గొంతు డాష్‌బోర్డు మీద, ఒక్కచోటే నిలబడుతుంది. మోకాలి దగ్గర్నుంచి రాదు. ఇన్నేళ్లయినా నాకు ఆ సంతోషం తగ్గలేదు.

అయితే డ్రైవర్ సీటుకి కుదిర్చింది పక్క సీటుకి చెడుతుంది. మా ఆవిడ పక్కన కూర్చుంటే ఆలస్యం లేకుండా ముందే దాచిపెట్టుకున్న రెండో సెట్టింగ్ (ప్రీసెట్) వేస్తాను.

అసలు కష్టం ట్యూనింగ్‌లో ఉంది. మైక్‌తో కొలవకుండా చెవితో సెట్ చేసి పంపే చోట డీఎస్‌పీ కొనకండి. నేను యూఎస్‌బీ కొలత మైక్, సౌండ్‌ని కొలిచి గ్రాఫ్‌గా చూపించే, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఇంటి దగ్గరే చేసుకున్నాను. సబ్‌వూఫర్‌కి 80 హెర్ట్జ్ దగ్గర క్రాసోవర్ (ఏ శబ్దం ఏ స్పీకర్‌కి వెళ్లాలో విడదీసే హద్దు) పెట్టి, బేస్ కావాలనే కాస్త ఎక్కువ ఉంచాను. హైవే మీద టైర్ల హోరు ముందు మింగేది బేస్‌నే. ఈక్వలైజర్‌తో అన్నీ సరిచేయవచ్చని మాత్రం అనుకోవద్దు. శబ్ద తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోట గ్రాఫ్‌లో గుంట పడుతుంది. అక్కడ ఎంత పెంచినా నిండదు, ఆంప్‌కి భారం తప్ప.

బయటి స్టీరియో ఉన్నవాళ్ల సంగతి వేరు. పయనీర్, సోనీ లాంటి వాటి చాలా మోడళ్లలో టైమ్ అలైన్‌మెంట్, క్రాసోవర్లు లోపలే ఉంటాయి. ముందు రెండు డోర్ల స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ వరకూ అవే సరిపోతాయి. ఆ డబ్బు డోర్ రేకు అదరకుండా చేసే డ్యాంపింగ్‌కి, మంచి ఫ్రంట్ స్పీకర్లకి పెట్టండి. డోర్ రేకు గడగడలాడుతుంటే ఏ ప్రాసెసరూ ఆపలేదు. ట్వీటర్‌కీ (సన్నని శబ్దాల స్పీకర్), మిడ్‌రేంజ్‌కీ (మధ్య శబ్దాలది), వూఫర్‌కీ (బేస్‌ది) వేర్వేరు ఆంప్ చానెళ్లు ఇచ్చి పూర్తి యాక్టివ్ సెటప్ చేసుకుంటే తప్ప వాళ్లకి డీఎస్‌పీ అవసరం రాదు.

కంపెనీ స్టీరియోకి పెట్టించేవాళ్లు వైర్లు కోయనివ్వకండి. మీ కారు మోడల్‌కి సరిపడే కప్లర్ (వైర్లు కోయకుండా తగిలించే కనెక్టర్) అడిగి తెప్పించుకోండి. వారంటీ గొడవ వచ్చే అవకాశం తగ్గుతుంది, కారు అమ్మేటప్పుడు అన్నీ విప్పి మళ్లీ పాతలా పెట్టేయవచ్చు.