పదేళ్లు దాటిన పుయెర్ టీ, కొత్తగా తాగినోళ్ల రివ్యూ

పుయెర్ టీ గురించి వినడమే గానీ తాగింది లేదు, ఈమధ్యే పదేళ్లు దాటిన షౌ రకం కేక్ ఒకటి తెప్పించుకున్నా. చైనాలోని యునాన్‌లో పెద్దాకు తేయాకుతో చేస్తారు దీన్ని, ఆవిరి పట్టి గుండ్రంగా నొక్కేస్తారు, మామూలుగా కేక్ 357 గ్రాములుంటుంది. పులియబెట్టకుండా నొక్కేసి ఏళ్లతరబడి దాచేది షెంగ్, ముందే ఆకుని కుప్పపోసి నీళ్లు చల్లి పైన కప్పి కొన్ని వారాలు పులియబెట్టి చేసేది షౌ. ఈ కుప్ప పద్ధతి 1970ల్లో వచ్చిందే, షెంగ్ ముదిరేదాకా అన్నేళ్లు ఆగక్కర్లేకుండా.

కేక్ మాత్రం గట్టిగా ఉంది. అంచు దగ్గర సన్నటి సూదిలాంటిది పక్కనుంచి దూర్చి పొరలుపొరలుగా లేపాలి, పొడి చేశారంటే టీ మడ్డిగా దిగుతుంది. 100 మిల్లీలీటర్ల మూతగిన్నెలో 5 గ్రాములు వేసి సలసల మరిగే నీళ్లు పోసి ఆ మొదటి నీళ్లు పారబోయాలి, అప్పుడు మూత తీసి వాసన చూస్తే ఎన్నో ఏళ్లుగా మూసున్న చెక్కబీరువా తెరిచినట్టే ఉంది!

మొదటి కప్పు నల్లగా ఉంది గానీ చేదు అస్సల్లేదు, తడిమట్టి రుచి, కుప్ప వాసన ఇంకా కొంచెం ఉంది, ఇక్కడే చాలామంది ఆపేస్తారేమో అనిపించింది, ఆపొద్దు ప్లీజ్. అదే ఆకు మీద మళ్లీమళ్లీ నీళ్లు పోసి ప్రతిసారీ పది సెకన్లే ఉంచి వంచేస్తూ పోతే మూడు నాలుగు కప్పులకి ఆ వాసన పోయి టీ చిక్కబడింది, నాలుక మీద నూనెలా నున్నగా జారుతోంది, మింగాక కాసేపటికి గొంతులో సన్నటి తీపి తేలింది. నాకు నచ్చింది ఆ తీపే, పంచదార తీపి కాదది. తర్వాత కప్పుల్లో రంగు ఎర్రబడి రుచి పల్చబడినా తీపి మాత్రం పోలేదు.

నచ్చనిదొక్కటే, ఇన్నేళ్లూ ఎలాంటి చోట దాచారో అమ్మినవాళ్లు ఒక్క ముక్క రాయలేదు. ఈ టీకి అదే ముఖ్యం, తేమ ఎక్కువైతే బూజు పడుతుంది, మరీ పొడిగా ఉంటే మార్పు చాలా నెమ్మదిగా వస్తుంది. కొనేముందు అడగండి, బూజు వాసనొస్తే తాగొద్దు. ఇంట్లో కూడా మసాలాలకి దూరంగా పెట్టండి, వాసనలు ఇట్టే పట్టేస్తుంది. కెఫీన్ ఉంటుంది కాబట్టి రాత్రిళ్లు వద్దు.

కొత్తవాళ్లు నేరుగా కేక్ కొనకుండా ముందు చిన్న శాంపిల్ తీసుకోండి, అదీ షౌతోనే మొదలెట్టండి, తక్కువ వయసు షెంగ్ బాగా చేదుగా వగరుగా ఉంటుంది.