ఉదయగిరి లాడ్జిలో ఏసీ ప్లగ్గు: కరెంటు కారులో నెల్లూరు, భైరవకోన, ఒంగోలు

"ఛార్జింగ్ ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?"

కరెంటు కారు కొన్న దగ్గర్నుంచీ అందరూ అడిగేది ఇదే. పెళ్లి భోజనాల దగ్గర పక్క విస్తరాయన, టోల్‌గేటు దగ్గర జామకాయలమ్మే పిల్లాడు, టైర్లకి గాలి కొట్టే ఆయన, ఎవరైనా సరే. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. అదే కారు, అదే బ్యాటరీ. ఈ కార్తీకంలో ఒంగోలులో అరగంట, నెల్లూరులో మూడున్నర గంటలు, ఉదయగిరిలో రాత్రంతా పట్టింది. తమాషా ఏంటంటే, మమ్మల్ని విసిగించింది ఆ అరగంటే.

మాది నెక్సాన్ ఈవీ మ్యాక్స్. బ్యాటరీ 40.5 కిలోవాట్ అవర్లు, అంటే ఇంటి మీటరు లెక్కలో నలభై యూనిట్ల పైచిలుకు. కంపెనీ పుస్తకంలో మూడు లెక్కలుంటాయి. మామూలు పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకి పెడితే నిండడానికి 15 గంటలు, 7.2 కిలోవాట్ల ఏసీ బాక్సుకి (ఈ ఏసీ గది చల్లబరిచేది కాదు, ఇళ్లకొచ్చే ఆల్టర్నేటింగ్ కరెంటు) పెడితే ఆరున్నర గంటలు, 50 కిలోవాట్ల డీసీ మెషీనుకి (బ్యాటరీకి నేరుగా డైరెక్ట్ కరెంటు ఇచ్చేది) పెడితే సున్నా నుంచి 80 శాతానికి 56 నిమిషాలు. పరీక్షల లెక్క ప్రకారం ఒక నింపుడుకి 437 కిలోమీటర్లు. నలుగురు మనుషులు, సామాను, ఏసీ, హైవే వేగం కలిస్తే 260, 270 అనుకుని బయల్దేరాలి. ఏ కంపెనీ బండికైనా ఈ తేడా తప్పదు. 80 స్పీడులో యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల పైన ఇచ్చే కారు 100 దాటితే ఆరు దగ్గరికి పడిపోతుంది.

విజయవాడలో ఇంటి దగ్గర నిండా ఎక్కించుకుని నేను, మా ఆవిడ, అమ్మ, బావమరిది బయల్దేరాం. ఒంగోలు దాదాపు 150 కిలోమీటర్లు. దారంతా ముసురు. వానలో కొంచెం ఎక్కువే తాగుతుంది. ఒంగోలు బైపాస్ చేరేసరికి 43 శాతం ఉంది. అక్కడ ఒక హోటల్ ముందు 60 కిలోవాట్ల మెషీను, దానికి రెండు గన్నులు, అంటే కారుకి తగిలించే పిడులు. ఒక గన్ను పని చేయట్లేదని మీద కాగితం అంటించారు. రెండోది ఒక కారుకి పెట్టి ఉంది, తెర మీద 91 శాతం అని కనిపిస్తోంది. ఆ కారాయన లోపల భోజనంలో ఉన్నాడు.

80 దాటాక బ్యాటరీ తీసుకునే వేగం పడిపోతుంది. సెల్లులన్నీ నిండబోతున్నప్పుడు ఓల్టేజి హద్దు దాటకుండా కారే కరెంటు తగ్గించుకుంటుంది. ఖాళీ బస్సులో మొదటి ముప్పై మందీ ఎక్కినంత సులువుగా చివరి పదిమందీ ఎక్కలేరు కదా, అదే వరస. అందుకే డీసీ దగ్గర 80కి తీసేయడం మర్యాద, మనకీ లాభం. ఆయన మాత్రం 100 అయ్యాకే వచ్చాడు, పాన్ నములుతూ. మెషీను ముందు ముప్పావు గంట నిలబడ్డాం.

తర్వాత యాప్. ప్రతి కంపెనీకీ ఒక యాప్, ప్రతి యాప్‌లోనూ ముందే డబ్బులు వేసుకోవాల్సిన వాలెట్. ఈ మెషీను యాప్ మా దగ్గర లేదు. దించుకుంటే ఓటీపీ రాదు. బావమరిది ఫోన్లో వచ్చింది, అతని వాలెట్‌లో డబ్బులు వేశాం. షెడ్డు లేదు. అమ్మ గొడుగు పట్టుకుని, "వానలో కరెంటు తీగ ముట్టుకుంటావేంట్రా" అని ఒకటే గోల. గన్ను పూర్తిగా దిగి, లాకు పడి, కారూ మెషీనూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాకే అందులోకి కరెంటు వస్తుందని చెప్పినా నమ్మలేదు. నిజానికి ఆమె కారులోంచి దిగాల్సిన పని కూడా లేదు.

మొదట 45 కిలోవాట్ల దాకా లాగింది. 43 నుంచి 80కి అరగంట లోపే. భోజనాలు ఇంకా కాలేదు, వెనక ఎవరూ లేరు, కాబట్టి అలాగే వదిలేశాం. 80 నుంచి 95కి మరో అరగంట. మొదటి అరగంటలో పదిహేను యూనిట్లు ఎక్కితే, రెండో అరగంటలో ఆరు. యూనిట్ ఇరవై రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. హోటల్ భోజనం గురించి చెప్పడానికేం లేదు, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. అమ్మతో వెళ్తున్నప్పుడు మెషీను కిలోవాట్ల కంటే నేను ముందు చూసేది అదే.

నెల్లూరు ఇంకో 120 కిలోమీటర్లు. కావలి దాటాక వాన ఆగింది. బస కోసం ముందే రెండు హోటళ్లకి ఫోన్ చేశాను. ట్రంకు రోడ్డు దగ్గరది పేరున్నదే, గదులు బాగుంటాయి, కానీ పార్కింగ్ సెల్లార్లో. ఛార్జింగ్ అంటే, "పక్క వీధిలో ఉంది సార్, నడిచే దూరమే" అన్నారు. రాత్రి పదింటికి కారు పక్క వీధిలో పెట్టి, ఒంటిగంటకి లేచి తీసుకొచ్చే ఓపిక నాకు లేదు. రెండోది ఊరి చివర, గది అద్దె నాలుగొందలు ఎక్కువ, పరుపులు గట్టి. అక్కడ 7 కిలోవాట్ల ఏసీ బాక్సు ఉంది, వాచ్‌మన్ పేరు రాసుకుని తాళం తీస్తాడు. అదే తీసుకున్నాం. రాత్రి తొమ్మిదికి పెట్టాను. పొద్దున ఫోన్లో చూస్తే పన్నెండున్నరకే నిండి ఆగిపోయింది. ఆ మూడున్నర గంటల్లో మేం చేపల పులుసు తిని పడుకున్నాం. మామిడికాయ వేసి, మట్టిదాకలో రాత్రి చేసి పొద్దున తినే ఇంటి పులుసు రుచి హోటల్లో ఎలాగూ రాదు. అయినా కొరమీను ముక్క చెదరకుండా వచ్చింది, నూనె పైకి తేలింది, అంతకంటే అడగను.

మర్నాడు పెన్న ఒడ్డున రంగనాథస్వామి దర్శనం, మధ్యాహ్నం మైపాడు. పోనూ రానూ యాభై కిలోమీటర్లు, కారుకి లెక్కలోది కాదు. సముద్రం కార్తీక స్నానాల జనంతో నిండిపోయింది. ఇసుకలోకి కారు దించొద్దు. బరువైన బ్యాటరీ బండి, దిగబడితే ట్రాక్టరే దిక్కు.

అసలు సంగతి పడమటి వైపు. నెల్లూరు, ఆత్మకూరు, ఉదయగిరి, భైరవకోన, కనిగిరి, పొదిలి మీదుగా ఒంగోలు చేరాలంటే సుమారు 280 కిలోమీటర్లు. మా కారు ఒక నింపుడుకి సరిగ్గా అంచున ఉండే దూరం. హైవే మీద ఉన్నన్ని మెషీన్లు ఇటు ఉండవు. మ్యాపులో కనిపించే వాటిలో కొన్ని పాతరకం, పదిహేను కిలోవాట్లవి. వాటి గన్ను సీసీఎస్2 రకం సాకెట్ ఉన్న మన కార్లకి పట్టదు, దాన్ని చూసి సంతోషపడి లాభం లేదు. అందుకని రాత్రికి ఉదయగిరిలో ఆగాలని ముందే నిర్ణయించుకుని, లాడ్జి వెతకడం మొదలెట్టాను.

ఫోన్లో "ఛార్జింగ్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు, వాళ్ల ఉద్దేశం సెల్‌ఫోన్‌ది. అడగాల్సిన తీరు వేరే: కింది అంతస్తులో ఏసీ గది ఉందా, దాని కిటికీ పక్కన కారు ఆగుతుందా, ఏసీ ప్లగ్గుకి ఎర్తు ఉందా. మూడో ప్రశ్నకి ఒకాయన ఫోన్ పెట్టేశాడు. ఇంకొకాయన మాత్రం, "రండన్నా, చూసుకుందాం, ఎలక్ట్రీషియన్ మా తమ్ముడే" అన్నాడు.

వెళ్లేసరికి 61 శాతం ఉంది. అంటే దాదాపు 25 యూనిట్లు, 160 కిలోమీటర్లు. మర్నాటి దారి 180 పైనే. గది చిన్నది, గోడలకి కొత్త సున్నం వాసన, దుప్పట్లు మాత్రం ఉతికినవి. ఏసీ ప్లగ్గు తీసి కిటికీలోంచి నా కేబుల్ లోపలికి లాగి పెడితే, కేబుల్‌కి ఉండే పెట్టె మీద ఎర్ర దీపం. కారు కరెంటు తీసుకోనంటోంది. తమ్ముడొచ్చి టెస్టర్ పెట్టి చూశాడు. ఫేజు ఉంది, న్యూట్రల్ ఉంది, ఎర్తు రంధ్రం వెనక తీగ లేదు. బోర్డు విప్పితే ఆకుపచ్చ తీగ గోడలోకి మడిచి ఉంది, ఎక్కడా బిగించలేదు. ఏసీ ఇన్నాళ్లూ ఎర్తు లేకుండానే తిరిగిందన్న మాట. దాన్ని స్క్రూకి బిగించి, పెరట్లో ఎర్తు గుంతకి పోయే తీగ కూడా ఊడలేదని చూసుకుని వచ్చాడు. పచ్చదీపం వెలిగింది. కొందరు ఎర్తునీ న్యూట్రల్‌నీ కలిపేసి కారుని మోసం చేస్తారు. అది మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు పాకుతుంది.

కృష్ణదేవరాయలు ఈ ఊరి కోట ఒడిశా గజపతుల దగ్గర్నుంచి పట్టుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి పట్టిందట, 1514లో గానీ లొంగలేదు. మాకు గంటన్నరలో పనైపోయింది.

"మీటరు గిరగిరా తిరగదు గదన్నా? ఎంత కాలతాది?" అని లాడ్జి ఆయన. రెండు ఏసీలు ఆపకుండా వేసినంత లోడు, మహా అయితే ఇరవై యూనిట్లు అని చెప్పాను. ఐదొందలు అడిగి మూడొందలకి ఒప్పుకున్నాడు. ఆయన తమ్ముడికి వేరే ఇచ్చాను. అరగంటకోసారి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి తీసేసేంత కాలితే ఆపాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులు అసలు వద్దు, ఐదు నిమిషాల ఏసీ వేరు, రాత్రంతా పదమూడు, పద్నాలుగు ఆంపియర్లు లాగడం వేరు. సాయంత్రం ఓల్టేజి 200 దగ్గర ఉంటే గంటకి ఎక్కేది ఇంకా తగ్గింది. పది దాటాక ఊరు పడుకుంది, ఓల్టేజి లేచింది. నడిరాత్రి కరెంటు పోయి రెండు గంటలకి వచ్చింది, కారు దానంతటదే మళ్లీ అందుకుంది. ఇదే డీసీ మెషీనైతే మళ్లీ యాప్ తెరిచి మొదట్నుంచి మొదలెట్టాలి. తెల్లవారి ఐదున్నరకి 100.

పొద్దున టిఫిను అయ్యాక దిలావర్ భాయి వీధిలో చెక్క గరిటెలు కొన్నాం. చేత్తో చెక్కినవి, పిడి చివర చేప తోకలాగా ఉన్నది మా ఆవిడ ఏరి తీసుకుంది. కోట ఎక్కలేదు, రాళ్లు తడిగా ఉన్నాయి.

భైరవకోనలో జలపాతం నిండుగా ఉంది. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, ముందు సెలయేరు. కార్తీక పున్నమికి నీటిలో పడ్డ వెన్నెల ఎగిసి దుర్గమ్మ మీద పడుతుందంటారు, ఆ రోజు జనం మామూలుగా ఉండరు. మేం వెళ్లింది సోమవారం కాదు కాబట్టి నింపాదిగా చూశాం. బస మాత్రం ఇక్కడ నమ్ముకోవద్దు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఉదయగిరిలోనో కనిగిరిలోనో పడుకుని రావడమే మేలు.

కనిగిరిలో భోజనం, పొదిలిలో టీ. చీమకుర్తి దగ్గర గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలేసుకున్న లారీల వెనక పది, పదిహేను కిలోమీటర్లు ముప్పై స్పీడులో పాకాం. డీజిల్ బండికైతే చిరాకే. కరెంటు కారుకి అదే పొదుపు, యూనిట్‌కి ఎనిమిది కిలోమీటర్లు చూపించింది. ఒంగోలు చేరేసరికి 35 శాతం.

ఈసారి ఆ బైపాస్ మెషీను జోలికి పోలేదు. ఊళ్లోకి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఇంకోటి ఉంది, షెడ్డు ఉంది, రెండు గన్నులూ పని చేస్తున్నాయి. మనం పెట్టిన పది నిమిషాలకి ఇంకో కారొచ్చి రెండో గన్ను తగిలిస్తే మన వేగం 45 నుంచి 30కి దిగింది. 60 కిలోవాట్లని రెండు కార్లకీ చెరిసగం పంచుతుంది. అయినా 85కి గంట లోపే, క్యూ లేదు కాబట్టి గడియారం చూడలేదు. ఖర్చు చెప్పాలంటే డీసీలో కిలోమీటరుకి మూడున్నర రూపాయలు దాటింది. ఇంట్లో పై స్లాబు 9.75 పెట్టుకున్నా రూపాయిన్నర.

పాతరకం 30 యూనిట్ల బ్యాటరీ ఉన్నవాళ్లు ఈ పడమటి చుట్టు ఒక్క రాత్రి ప్లగ్గుతో పూర్తి చేయాలనుకోవద్దు, కనిగిరిలో ఇంకో రాత్రి కలుపుకోవాలి. ఎవరైనా సరే డిక్కీలో ఇరవై రూపాయల లైన్ టెస్టర్ ఒకటి వేసుకోండి. లాడ్జిలో డబ్బు కట్టక ముందు సాకెట్లో పెట్టి చూడండి, ఎర్తు సంగతి కారు కేబుల్ దీపమే చెప్తుంది.