మొండి డాషండ్‌కి అలవాటు నేర్పిన వస్తువులు: 20 నెలలు వాడాక

మా కుక్క పేరు బెల్లం. పొట్టి కాళ్లు, పొడుగు ఒళ్లు ఉండే డాషండ్ జాతి, ఆడది. రెండు నెలల పిల్లగా నిజాంపేటలోని మా ఫ్లాట్‌కి వచ్చింది, ఇప్పుడు దానికి 22 నెలలు. ఒకటికి, రెంటికి దానికో చోటు అలవాటు చేయడానికి ఈ 20 నెలల్లో నేను కొనని వస్తువు లేదు. ఏది నిజంగా పనికొచ్చిందో, ఏది కొత్త తలనొప్పి తెచ్చిందో రాస్తున్నాను. అపార్ట్‌మెంట్‌లో చిన్న జాతి కుక్కని పెంచుతున్నవాళ్లకి కొంత డబ్బూ, కొంత ఏడుపూ మిగిలినా చాలు.

మాది నాలుగో అంతస్తు. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు వచ్చేదాకా, కిందికి దించొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మా సందులో వీధి కుక్కలు ఎక్కువ. కాబట్టి ముందు కొన్నది పీ ప్యాడ్స్, అంటే కుక్క ఒకటికి పోయడానికి నేల మీద పరిచే, తడి పీల్చుకునే షీట్లు.

ప్యాడ్ పని ప్యాడ్ బాగానే చేస్తుంది. లోపల పిల్లల డైపర్లలో ఉండే పొడే ఉంటుంది, తడి తగలగానే జెల్లీలా గట్టిపడుతుంది, నేల తడవదు. మాకు ఒక్కోటి 20 రూపాయల దాకా పడింది. రోజుకి ఐదు చొప్పున నెలకి మూడు వేలు. ఆ ఖర్చైనా భరించొచ్చు. అసలు సమస్య మూడో నెలలో మొదలైంది. వంటింటి గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్ట మీద పోసింది. తర్వాత బాత్రూమ్ పట్ట మీద, ఆ తర్వాత మా వారు కుర్చీ మీద వేసిన టవల్ జారి కిందపడితే దాని మీద. నేను ప్యాడ్ చూపిస్తూ కూర్చుంటే అది నా పక్క నుంచే వెళ్లి పట్ట మీద కూర్చునేది. ఇంత మొండిదాన్ని ఎందుకు తెచ్చామా అని ఆ రోజు నిజంగా ఏడ్చాను.

తర్వాత అర్థమైంది. పిల్ల వయసులో కుక్కకి చోటు కంటే ముందు కాలి కింద తగిలే స్పర్శ అలవాటవుతుంది. మెత్తగా, గుడ్డలా ఉన్నది తగిలితే అక్కడ పోయాలి అని మేమే ప్యాడ్‌తో నేర్పాం. అది నేర్చుకుంది. పట్టకీ ప్యాడ్‌కీ తేడా దానికేం తెలుసు? ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్స్ కూడా రెండు కొన్నాను, డబ్బు ఆదా అవుతుందని. వాటితో ఇది ఇంకా ముదిరింది, అవి అచ్చం పట్టల్లాగే ఉంటాయి. టీకాలయ్యేదాకా ప్యాడ్ తప్పనివాళ్లు ముందు ఇంట్లో పట్టలన్నీ ఎత్తేయండి. గుడ్డ ప్యాడ్స్ మాత్రం నేను ఎవరికీ చెప్పను.

డాషండ్లు మొండివి అన్న మాట అబద్ధం కాదు. జర్మనీలో బొరియల్లోకి దూరి బాడ్జర్లని (నేలలో బొరియలు తవ్వుకుని ఉండే జంతువుల్ని) వేటాడటానికి పెంచిన జాతి ఇది. నేల కింద, చీకట్లో, యజమాని కనిపించని చోట సొంతంగా నిర్ణయం తీసుకోవాల్సిన కుక్క. లాబ్రడార్‌లా మన మొహం చూస్తూ ఆర్డర్ కోసం కాచుకోదు. పైగా చిన్న ఒళ్లు, చిన్న మూత్రాశయం. పిల్లకి ఎన్ని నెలలుంటే దానికి ఒకటి కలిపి అన్ని గంటలు ఆపుకోగలదు అని ఒక లెక్క చెబుతారు. మూడు నెలల బెల్లం నాలుగు గంటలు ఎన్నడూ ఆపుకోలేదు. మెలకువగా ఉంటే రెండు గంటలే ఎక్కువ.

ఇప్పుడు ఈ సమీక్షలో నేను అన్నిటికంటే ముందు పెట్టే వస్తువు: ఎంజైమ్ క్లీనర్, అంటే మూత్రం మరకని కప్పిపెట్టకుండా వాసనతో సహా విరగ్గొట్టే ద్రవం. అర లీటరు సీసా నాకు 450 రూపాయలు పడింది. అది కొనేవరకు రోజుకి రెండుసార్లు ఫినైల్ వేసి తుడిచేదాన్ని. ఇల్లంతా ఆసుపత్రిలా ఉండేది, అయినా దివాన్ పక్క మూలలోనే మళ్లీ మళ్లీ. ఫినైల్ వాసనని కప్పుతుంది అంతే, కింద ఉన్నది అలాగే ఉంటుంది. మన ముక్కుకి తెలియదు, కుక్క ముక్కుకి తెలుస్తుంది. ఆరకముందే దాని మీద నడిచి పాదాలు నాకితే కుక్కకి హాని కూడా.

ఒక రాత్రి హాల్లో లైట్లన్నీ ఆపి చిన్న యూవీ టార్చ్ వేసి చూశాను, ఆ వెలుగులో మూత్రం మరకలు మెరుస్తాయి. తళతళలాడేలా తుడిచిన టైల్స్ మీద లేత పసుపు మరకలు. టైల్స్ మధ్య సిమెంట్ గీతల్లో చారలు చారలుగా, దివాన్ కాలి చుట్టూ, షూ ర్యాక్ కింద. మొత్తం పదకొండు చోట్లు లెక్కపెట్టాను. మేము ఆ మూలని మరుగుదొడ్డి గుర్తులతో నింపి పెట్టి, మళ్లీ దాన్నే తిట్టాం.

వాడే పద్ధతి ముఖ్యం. ముందు పాత గుడ్డతో తడి అంతా అద్ది తీసేయాలి. ఫినైల్, సర్ఫ్ ఏవీ ముందు వేయకూడదు, అవి ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు. సిమెంట్ గీతల్లోకి దిగేంత ధారాళంగా పోసి, పదిహేను నిమిషాలు వదిలేసి, తనంతట తాను ఆరనివ్వాలి. స్ప్రే కొట్టి వెంటనే తుడిచేస్తే డబ్బు నీళ్లపాలే. పాత మరకలకి మూడు రోజులు వరసగా వేశాను. రెండో వారానికి దివాన్ మూల ఆగిపోయింది. మరక లోపల మిగిలి ఉంటే వానాకాలం తేమకి వాసన మళ్లీ లేస్తుంది. జులైలో లేవలేదు కాబట్టి పోయిందని నమ్మకం కుదిరింది.

రెండోది బాల్కనీలో పెట్టిన గడ్డి ట్రే, 1,800 రూపాయలు. పైన ప్లాస్టిక్ గడ్డి, మధ్యలో జల్లెడ, కింద నీళ్లు పట్టే ట్రే. గడ్డి స్పర్శ పట్టలా ఉండదు, అందుకే ఇది పనిచేసింది. అయితే ట్రే పెట్టగానే అలవాటు కాలేదు, అలవాటు చేసింది మా అత్తయ్య గారు. గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో, వర్జ్యం రాసి ఉన్న గడి పక్కనే, పెన్సిల్‌తో బెల్లం టైములు రాసేవారు. ‘6:10 ఒకటికి. 8:25 తిండి. 8:45 రెంటికి.’ పది రోజులయ్యాక చూస్తే లెక్క దొరికింది. నిద్ర లేవగానే, తిన్న పావుగంట ఇరవై నిమిషాలకి, ఆట ఆపిన వెంటనే. ఆ టైముకి ఆవిడే ఎత్తుకుని ట్రే మీద నిలబెట్టి, ‘పోసేయ్ తల్లీ’ అనేవారు. పోయడం అయిన క్షణంలో, అక్కడే, గోరంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టాలి. లోపలికొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకు పెట్టారనుకుంటుంది. కుక్క ఇంట్లోకి వద్దే వద్దన్న మనిషి ఆవిడ. ఆవిడ ఓపిక లేకపోతే ఈ ట్రే ఇప్పుడు స్టోర్ రూమ్‌లో ఉండేది.

ట్రేలో లోపాలు ఉన్నాయి. ఏప్రిల్, మే ఎండలో ఒక్క రోజు కడగకపోయినా అమ్మోనియా ఘాటు హాల్ దాకా వస్తుంది. పడమటి బాల్కనీ అయితే మధ్యాహ్నం గడ్డి కాలిపోతుంది, పాదం పెట్టలేదు. మేము పైన షేడ్ నెట్ కట్టాం. బాల్కనీ పైపులో నీళ్లు పోస్తే కింద ఫ్లాట్ వాళ్లకి ఇబ్బంది, ఆ మాట అసోసియేషన్ దాకా వెళ్లింది కూడా. ఇప్పుడు బాత్రూమ్‌లోనే కడుగుతున్నాను. ఆరు నెలలకోసారి గడ్డి మార్చాల్సిందే, ప్రస్తుతం మూడోది నడుస్తోంది. అయినా వానాకాలంలో దీని విలువ తెలుస్తుంది. బెల్లం పొట్ట నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటుంది, తడి గడ్డి పొట్టకి తగిలితే గేటు దగ్గరే బిగుసుకుపోతుంది. అలాంటి రోజున ట్రే ఉంది కదా అన్న ధైర్యం వేరు.

అక్కడే పోసేలా చేస్తుందని అమ్మే అట్రాక్టెంట్ స్ప్రే కొన్నాను. మా కుక్క దాన్ని వాసన కూడా చూడలేదు. బయటికి వెళ్లాలని కుక్క మనకి చెప్పడానికి తలుపుకి కట్టే గంట మాత్రం బాగుంది, మూడు వారాల్లో ముక్కుతో కొట్టడం నేర్చుకుంది.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. బెల్లాన్ని కొన్న చోట, ‘పోసిన దాంట్లో ముక్కు రుద్దండి, బుద్ధొస్తుంది’ అన్నారు. ముక్కు రుద్దలేదు గానీ ఒకసారి గట్టిగా అరిచాను. బెల్లం మంచం కిందికి పాక్కుంటూ వెళ్లి గంట సేపు బయటికి రాలేదు. తర్వాత నెల రోజులు నా ముందు పోయడమే మానేసి, సోఫా వెనక దాక్కుని పోసేది. ఇంట్లో పోయడం తప్పని అది నేర్చుకోలేదు, నన్ను చూసి భయపడటం నేర్చుకుంది. ఆ భయం పోగొట్టడానికి పట్టినంత కాలం ట్రే అలవాటుకి కూడా పట్టలేదు.

పదకొండో నెలలో అన్నీ కుదిరాయనుకున్నాక, ఉన్నట్టుండి ఇల్లంతా చుక్కలు చుక్కలుగా పోయడం మొదలుపెట్టింది. మొండితనం మళ్లీ మొదలైంది అన్నారు మా వారు. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. మందులు వాడాక వారంలో తగ్గింది. బాగా అలవాటైన కుక్క అకస్మాత్తుగా తప్పితే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు పొద్దున, సాయంత్రం కిందికి వెళ్తుంది, మధ్యాహ్నం, రాత్రి ట్రే వాడుతుంది. ఇంట్లో పట్టలు మళ్లీ వేసి ఐదు నెలలైంది, ఒక్కటీ తడవలేదు. మా ఆడపడుచు వచ్చినప్పుడు మాత్రం తోక ఊపుతూ గుమ్మంలోనే నాలుగు చుక్కలు వదిలేస్తుంది. అది సంతోషం పట్టలేక వచ్చేది, దానికి నేనేమీ అనను. తలుపు వెనక క్లీనర్ సీసా ఎప్పుడూ ఉంటుంది.