చదివింది అర్థం కావాలంటే ఏది మేలు: భాషా పీరియడా, సివిక్స్ పీరియడా?

మూడో తరగతి దాటిన పిల్లల్లో ఇలాంటివాళ్లు ప్రతి టీచరుకూ తెలుసు. పాఠం గడగడా చదివేస్తారు. ఒత్తులు తప్పవు, దీర్ఘాలు పోవు. పుస్తకం మూయించి "ఏం చదివావో చెప్పు" అంటే మాత్రం నోట మాట రాదు. అప్పుడు బడుల్లో ఎక్కువగా చేసేది ఒకటే: భాషా పీరియడ్లు పెంచుతారు, వాటికోసం సోషల్ పీరియడ్లు తగ్గిస్తారు. ఇది తలకిందుల పని అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో తేలాలంటే మన ముందున్న దారులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటి దారి అందరికీ అలవాటైనదే. సోమవారం పది పదాలు ఇస్తాం. అర్థాలు రాయిస్తాం, సొంతవాక్యాలు రాయిస్తాం, రోజూ డిక్టేషన్ పెడతాం. దీనికి సుగుణాలు లేకపోలేదు. కొత్తగా చేరిన టీచరైనా నడపగలరు, ఇంట్లో పెద్దవాళ్లు చూసుకోగలరు, మార్కులు వేయడం తేలిక. రాతలో తప్పులు తగ్గడానికి ఇది నిజంగానే పనికొస్తుంది.

అర్థం దగ్గరికొచ్చేసరికి లోపం బయటపడుతుంది. "బాధ్యత" అన్న మాటకు "జవాబుదారీతనం" అని అర్థం రాయిస్తే, తెలియని మాట ఒకటి ఉన్నచోట రెండయ్యాయి. సొంతవాక్యం రాయమంటే "రవి బాధ్యత గల అబ్బాయి" అని రాస్తారు. ఆ వాక్యంలో "బాధ్యత" తీసేసి "తెలివి" పెట్టండి, "బలం" పెట్టండి, చక్కగా నిలబడుతుంది. అంటే ఆ మాట బరువేమిటో పిల్లవాడికి తెలియకుండానే వాక్యం పూర్తయింది. పైగా జాబితాలో పదాలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు. ఓర్పు, తుఫాను, తీర్పు, కంచె ఒకే వరసలో ఉంటాయి. ఒక మాట ఇంకో మాటను గుర్తుచేయదు, వారం తిరిగేసరికి అన్నీ జారిపోతాయి.

చదవడం గురించి 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. అక్షరాలను మాటలుగా పలికే నేర్పును, విన్న భాషను అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేదే చదివి గ్రహించడం అన్నారు. వాళ్లు కూడమనలేదు, గుణించమన్నారు. రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. గడగడా చదివి తెల్లమొహం వేసే పిల్లల్లో వెనకబడింది రెండోది. దాన్ని పెంచేవి మాటలూ, లోకజ్ఞానమూ. 1988లో రెక్ట్, లెస్లీ అమెరికాలో 64 మంది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగం చదవమని ఇచ్చారు. బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే, చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలే ఎక్కువ గ్రహించారు. అమెరికాలోనే 2020లో వచ్చిన ఇంకో విశ్లేషణలో, ప్రాథమిక తరగతుల్లో రోజుకు 30 నిమిషాలు అదనంగా సోషల్ చదివిన పిల్లలు అయిదో తరగతికొచ్చేసరికి చదివి గ్రహించడంలో ముందున్నట్టు తేలింది. భాషా బోధనకు అదనంగా ఇచ్చిన సమయంలో అలాంటి తేడా కనబడలేదు. రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రుజువైనట్టు కాదన్నది గుర్తుంచుకోవాలి. అయినా సోషల్ కోసెయ్యబోయే ముందు ఒకసారి ఆగి ఆలోచించడానికి అది చాలు.

ఒకటి, రెండు తరగతుల సంగతి వేరు. అక్కడ గుణింతాలు, ఒత్తులు విడిగా, వరసగా, రోజూ నేర్పాల్సిందే. దానికి సివిక్స్ ప్రత్యామ్నాయం కాదు. "స్వాతంత్ర్యం", "రాజ్యాంగం", "ప్రాతినిధ్యం" లాంటి మాటలు అక్షరాలు కుదురుకోని పిల్లల ముందు పెడితే చదవడమంటేనే భయపడతారు. ఆ వయసులో సివిక్స్ మాటలు చెవిన పడితే చాలు. "ఇప్పుడు ఎవరి వంతు?", "మన నియమం ఏమిటి?", "అనుమతి అడిగావా?" అని టీచరు రోజూ అంటూ ఉంటే, రెండేళ్ల తరవాత అవే మాటలు అచ్చులో కనబడినప్పుడు పాత పరిచయస్థుల్లా ఉంటాయి.

ఇక మూడో తరగతి నుంచి రెండో దారి, సివిక్స్ పాఠ్యపుస్తకాన్నే వాచకంలా చదివించడం. ఇక్కడ పదజాబితాలో లేని మేలు ఒకటుంది. హక్కు, చట్టం, పన్ను, ప్రభుత్వం ఒక్క పాఠంతో పోవు, మళ్లీ మళ్లీ తగులుతూ ఉంటాయి. "న్యాయం" తెలిసిన పిల్లలు అన్యాయం, న్యాయవాది, న్యాయస్థానం, న్యాయమూర్తి దాకా తామే ఊహించుకుంటూ వెళ్లగలరు.

ఇంకో మేలు మనం సాధారణంగా గమనించం. నియమాల భాషంతా చిన్న మాటల మీద ఆధారపడి ఉంటుంది. తప్ప, లేనిదే, ఒకవేళ, అయితేనే, కనీసం, లోపు. "ఒంట్లో బాగాలేనివాళ్లు తప్ప అందరూ మైదానానికి రావాలి" అని నల్లబల్ల మీద రాసి, ఎవరు రావాలో అడిగి చూడండి. "ఒంట్లో బాగాలేనివాళ్లు రావాలి" అనే పిల్లలుంటారు. వాళ్లకు ఆ వాక్యంలో కష్టమైన పదం ఒక్కటీ లేదు, "తప్ప" మీద చూపు నిలవలేదంతే. కథల్లో అలాంటి మాట దాటిపోయినా కథ ముందుకు సాగిపోతుంది. నియమంలో దాటిపోతే అర్థమే తిరగబడుతుంది. జాగ్రత్తగా చదవడం నేర్పడానికి ఇంతకంటే మంచి సరుకు నాకు కనబడలేదు.

కానీ పాఠ్యపుస్తకాన్ని ఉన్నదున్నట్టు చదివించి ప్రశ్నలడిగితే ఈ మేలంతా పోతుంది. "స్థానిక ప్రభుత్వం అనగానేమి?" అన్న ప్రశ్నకు పిల్లలు పాఠంలో "అనగా" ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం దించేస్తారు. జవాబు సరైనదే, చదివింది మాత్రం శూన్యం. పైగా నిర్వచనాల మీద నిర్వచనాలు పేర్చిన పేరాలో ప్రతి వాక్యానికీ రెండు మూడు కొత్త మాటలుంటే తెలిసిన మాటల ఆసరా పిల్లలకు దొరకదు.

అందుకే నేను మొగ్గు చూపేది మూడో దారికి. ముందు పిల్లలు ఒక నిజమైన విషయం తేల్చుకోవాలి, ఆ తరవాతే పాఠం చదవాలి. ఉదాహరణకు కిటికీ పక్క సీటు ఎవరిది? ఈ ప్రశ్న వేస్తే పావుగంట ఎలా గడిచిందో తెలియదు. ఒకరు వంతులు వేసుకుందామంటారు. ఒకరు తనకు నల్లబల్ల సరిగా కనబడదు కాబట్టి తాను మాత్రం ఎప్పుడూ ముందు వరసలోనే ఉండాలంటారు. ఇంకొకరు అందరూ ఒప్పుకున్నా సరే, తాను ఒప్పుకోనంటారు. టీచరు చేయాల్సింది, వాళ్లు అన్నదాని పక్కనే మాట అందించడం. "నీకు వేరేగా చూడమంటున్నావు, దాన్ని మినహాయింపు అంటారు." "నువ్వు ఒప్పుకోవడం లేదు, అంటే నీకు అభ్యంతరం ఉంది." చివరికి నల్లబల్ల మీద నియమం తేలుతుంది: "ప్రతి సోమవారం కిటికీ పక్క సీట్లు మారాలి. చూపు సమస్య ఉన్నవాళ్లకు ఈ నియమం వర్తించదు." ఇందులో "వర్తించదు" కొత్త మాట. అయినా దాని అర్థం ఎవరూ అడగరు, అది ఎవరిని ఉద్దేశించి రాశారో ముందే తెలుసు కాబట్టి.

మర్నాడు చదివేది వేరే పాఠం కావాలి, మాటలు మాత్రం అవే ఉండాలి. ఒక ఊరి సభలో ఆటస్థలం గురించి జరిగిన చర్చ కావచ్చు, టీచరే అరపేజీ రాసుకోవచ్చు. నాలుగు, అయిదు తరగతులకైతే 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక నుంచి 12వ అధికరణం తేలిక మాటల్లో ఇవ్వవచ్చు. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు తమ అభిప్రాయం చెప్పుకోవచ్చు, వాళ్ల వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి అని అందులో ఉంది. నిన్న సీటు కోసం వాదించిన పిల్లలు ఈ రెండు వాక్యాలను ఊరికే వదలరు. "విలువ ఇవ్వాలి అంటే మేం చెప్పిందే చేయాలనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే గ్రహించడం మొదలైనట్టే. జవాబు వెంటనే చెప్పకుండా, మళ్లీ వాక్యంలోకి వెళ్లి వెతకమనాలి.

ఈ దారికీ ప్రమాదాలున్నాయి. పెద్దది, ఆట చదువును మింగేయడం. ఓటు వేశాం, చప్పట్లు కొట్టాం, బెల్లు కొట్టారు, ఎవరూ ఒక్క పేరా చదవలేదు. అలాగైతే పదజాబితాయే నయం. వారంలో సగం సమయమైనా పిల్లల కళ్లు అచ్చు మీద ఉండాలి. గొంతు పెద్దగా ఉన్న పిల్లలే మాట్లాడేసే ప్రమాదం ఇంకోటి. చర్చకు ముందు ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయం ఒక వాక్యం రాసుకోవాలని పెడితే అది చాలావరకు తగ్గుతుంది.

కథల దారి కూడా చాలామంది ఎంచుకుంటారు. ఆసక్తి పుట్టించడానికి కథ మంచిదే, దాన్ని తొలి మెట్టుగా వాడుకోవచ్చు. కానీ కథ నడక పిల్లలకు ముందే అలవాటు. వివరాలు, కారణాలు, షరతులు ఉన్న పాఠం చదవడం కథతో రాదు.

ఏ దారిలోనైనా ఏ పదాల మీద సమయం పెట్టాలన్నది మిగులుతుంది. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకోన్ అనే అమెరికా విద్యా పరిశోధకులు పదాలను మూడు అంతస్తులుగా చూడమన్నారు. మొదటివి రోజూ మాట్లాడుకునేవి, రెండోవి అన్ని సబ్జెక్టుల్లోనూ తగిలేవి, మూడోవి ఒక్క సబ్జెక్టుకే చెందినవి. శాసనసభ, రాజ్యాంగం మూడో రకం. వాటిని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగవచ్చు. అనుమతి, నిర్ణయం, ఫలితం, వ్యతిరేకించడం, వర్తించడం రెండో రకం. రేపు సైన్సులోనూ, లెక్కల ప్రశ్నల్లోనూ అడ్డుపడేవి ఇవే. సివిక్స్‌లో ఇవి పుష్కలంగా ఉంటాయి కాబట్టి శ్రమంతా వీటి మీద పెట్టాలి.

పరీక్ష కూడా మారాలి. "మినహాయింపు అనగానేమి?" అని అడగొద్దు. పిల్లలు ఎప్పుడూ చూడని ఒక గ్రంథాలయ నియమావళి ఇచ్చి, "పుస్తకం పోగొట్టుకున్నా జరిమానా కట్టనక్కర్లేనిది ఎవరు? ఏ మాటను బట్టి చెప్పావు?" అని అడగాలి. వేలుపెట్టి ఆ మాట చూపించగలిగితే వచ్చినట్టు. టైంటేబుల్లో చోటు లేదంటే సోషల్ జోలికి పోకుండా, రోజూ పెట్టే డిక్టేషన్‌ను వారానికోసారికి కుదించండి. ఆ పదాలు కూడా ఆ వారం సివిక్స్ పాఠం నుంచే తీసుకోండి.