తెలుగు ప్రపంచ గోడపటం: చిన్న దీవుల విషయంలో ఎంతవరకు నమ్మవచ్చు?

హనుమకొండ చౌరస్తా పరిసరాల్లోని పుస్తకాల దుకాణాల్లో ఈ మధ్య ఒక తెలుగు ప్రపంచ గోడపటం అమ్ముతున్నారు. ధర 350 రూపాయలు. లామినేషన్ చేసిన పటంతో పాటు దీవుల మీద వలస పాలన గురించి ఒక చిన్న అనుబంధ పుస్తకం కూడా ఇస్తారు. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్‌కు తెలుగు మాధ్యమంలో చదివేవాళ్ల కోసమే తయారు చేశామని అట్ట మీద రాసుకున్నారు. మా వీధి రీడింగ్ రూమ్ గోడకు దీన్ని తగిలించి, అక్కడ చదువుకునే పిల్లలతో కలిసి వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. అచ్చు విషయంలో ఫిర్యాదు లేదు. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, రంగులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోలేదు. కూలర్ తడికి కింది మూల లామినేషన్ కొంచెం లేచింది కానీ టేపు వేస్తే సరిపోయింది.

చిక్కంతా పటం కుడి అంచున, పసిఫిక్ మహాసముద్రం ఉన్న చోట వస్తుంది. అక్కడ దీవులన్నీ ఒకే ఎర్ర చుక్కలు. ప్రతి పేరు పక్కన బ్రాకెట్లో పాలించే దేశం పేరు ఉంటుంది: గువామ్ (అమెరికా), న్యూ కాలెడోనియా (ఫ్రాన్స్), టోకెలావ్ (న్యూజిలాండ్), పిట్‌కెయిర్న్ (బ్రిటన్). టోకెలావ్ చుక్క ఆ పేరులోని ఒక్క అక్షరమంత కూడా లేదు. చిన్న పటంలో అది తప్పదు కాబట్టి దాన్ని తప్పు పట్టను. నా అభ్యంతరం బ్రాకెట్‌తోనే. ఆ దీవి ఎవరి చేతిలో ఉందో మాత్రమే అది చెబుతుంది. అక్కడి ప్రజలను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా, అడిగితే వాళ్లు ఏమన్నారు అన్న సంగతి దాని వెనుక దాగిపోతుంది.

వింత ఏమిటంటే, ఆ సంగతి అనుబంధ పుస్తకానికి బాగా తెలుసు. 1960 డిసెంబర్ 14న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన 1514వ తీర్మానాన్ని, దాని మరునాటి 1541వ తీర్మానాన్ని విడమరిచి చెప్పిన పేజీలు ఈ మొత్తం సరుకులోకెల్లా మంచి భాగం. వలస పాలన నుంచి బయటపడటానికి 1541వ తీర్మానం మూడు దారులు గుర్తించింది: పూర్తి స్వాతంత్ర్యం, మరో స్వతంత్ర దేశంతో స్వేచ్ఛా అనుబంధం (సొంత ప్రభుత్వం నడుపుకుంటూ ఆ దేశంతో ముడిపడి ఉండటం), లేదా ఆ దేశంలో సమాన హక్కులతో విలీనం. ఏ దారి అయినా ప్రజల స్వేచ్ఛాయుతమైన ఎంపిక కావాలన్నదే స్వయంనిర్ణయాధికారానికి ఆయువుపట్టు. ఇంత చక్కగా చెప్పిన పుస్తకం పటం గీసినవాళ్ల చేతికి వెళ్లినట్టు లేదు. 1946 నుంచే ఫ్రాన్స్ దేశంలో ఒక జిల్లాగా ఉన్న రీయూనియన్‌కూ, వలస విముక్తి ఇంకా పూర్తి కాని ప్రాంతంగా ఐక్యరాజ్యసమితి జాబితాలో నిలిచిన న్యూ కాలెడోనియాకూ పటంలో ఒకే చుక్క, ఒకే బ్రాకెట్. 1965 నుంచి న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలో సొంత ప్రభుత్వం నడుపుకుంటున్న కుక్ దీవులకూ అదే గతి. పలావ్ పక్కన (అమెరికా) అని వేయడం మాత్రం క్షమించలేని పొరపాటు. 1994 అక్టోబర్ 1న ఆ దేశం స్వతంత్రమైంది, అమెరికాతో దానికున్నది ఒప్పందపు అనుబంధం మాత్రమే. అదే ఏడాది ఐక్యరాజ్యసమితిలోనూ చేరింది. ఇలాంటి ప్రాంతాల పాలనను పర్యవేక్షించే ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వ మండలికి (ట్రస్టీషిప్ కౌన్సిల్) పని లేకుండా పోయింది కూడా పలావ్ స్వతంత్రమైన తరువాతే. పరీక్షలో ఇలాంటిది ఒక మార్కు తేడా తెస్తుంది.

పుస్తకంలోనూ ఒక పాత లెక్క మిగిలింది. ఐక్యరాజ్యసమితి జాబితాలో ఉన్న స్వపరిపాలన లేని ప్రాంతాలు 16 అని రాశారు. 2013 మే 17న ఫ్రెంచ్ పాలినేషియాను సాధారణ సభ తిరిగి జాబితాలో చేర్చింది కాబట్టి అవి 17. వాటిలో పశ్చిమ సహారా, జిబ్రాల్టర్ తప్ప మిగిలినవన్నీ దీవులే.

టోకెలావ్ కథ మాత్రం పుస్తకంలో చదివించేలా ఉంది. మూడు పగడపు దీవులు, సుమారు 1,500 మంది జనం. న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధం కావాలా అని 2006లో ఒకసారి, 2007లో మరోసారి అడిగారు. రెండుసార్లూ ఎక్కువమంది కావాలనే అన్నారు, కానీ ముందుగా పెట్టుకున్న నియమం మూడింట రెండు వంతులు. రెండోసారి 64 శాతం దాటినా ఆ గీతను అందుకోలేదు. పాలించే దేశమే వెళ్లిపొమ్మని దారి చూపించిన చోట ప్రజలు ఆగిపోయిన సందర్భమిది. అంత తక్కువ జనంతో ఆసుపత్రి, ఓడ, బడి నడపడం ఎలాగన్న భయం అందులో లేదనుకోలేం. స్వయంనిర్ణయమంటే స్వాతంత్ర్యమేనని కంఠతా పట్టిన విద్యార్థికి ఈ రెండు పేజీలు చాలా మేలు చేస్తాయి.

న్యూ కాలెడోనియా అధ్యాయం అంత నిండుగా లేదు. 1998 నూమియా ఒప్పందం ప్రకారం 2018, 2020, 2021లో మూడుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ జరిగిందని, మూడింటిలోనూ స్వాతంత్ర్యం వద్దన్నవాళ్లే గెలిచారని రాసి ఊరుకున్నారు. మొదటిసారి వద్దన్నవాళ్లు దాదాపు 57 శాతం, రెండోసారి 53 శాతం, మూడోసారి 96 శాతం పైనే. ఆ చివరి అంకె చూసి పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. కోవిడ్ మరణాల శోకంలో ఉన్నందున వాయిదా వేయమని కనక్ ఆదివాసులు కోరారని, ఆ కోరిక మన్నించకపోవడంతో స్వాతంత్ర్యవాదులు ఓటింగును బహిష్కరించారని, సగం మంది కూడా ఓటు వేయలేదని చెప్పకుండా ఆ అంకె ఇవ్వడం విద్యార్థిని తప్పుదారి పట్టించడమే.

అక్కడి అసలు గొడవ ఓటరు ఎవరన్నది. ప్రావిన్సు ఎన్నికల్లో ఓటు హక్కును 1998 నాటికి అక్కడున్నవాళ్లకు, వాళ్ల సంతతికి పరిమితం చేశారు. ఆ జాబితాను తరువాత వచ్చి స్థిరపడ్డవాళ్లకు కూడా తెరవాలని పారిస్ ప్రయత్నించినప్పుడు 2024 మేలో రాజధాని నూమియా భగ్గుమంది. 1952లో ముల్కీ ఉద్యమం మొదలైన ఊళ్లో కూర్చుని చదివేవాడికి ఈ తగవు అర్థం కావడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. ఎన్నేళ్లు ఉంటే స్థానికుడన్న ప్రశ్న ఇక్కడ ఉద్యోగానికి సంబంధించింది, అక్కడ దేశం పుట్టడానికి సంబంధించింది, అంతే తేడా. తెలుగు పాఠకుల కోసం రాసిన పుస్తకం ఆ దారం అందుకోకపోవడం నాకు వెలితిగానే అనిపించింది.

మన సముద్రంలోనే ఉన్న చాగోస్ దీవులకు ఇచ్చిన చోటు మరీ తక్కువ. పటంలో మాల్దీవుల కింద, చాగోస్‌లోని పెద్ద దీవి పేరుతో, డియెగో గార్సియా (బ్రిటన్) అని ఒక ముక్క, పుస్తకంలో అర పేజీ. మారిషస్ 1968లో స్వతంత్రం కావడానికి మూడేళ్ల ముందే, 1965లో, బ్రిటన్ ఈ దీవులను దాని నుంచి విడదీసింది. అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని 1973 నాటికి పూర్తిగా ఖాళీ చేయించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దించేసింది. ఆ విడదీయడం చట్టబద్ధం కాదని 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం ఇచ్చింది. అదే ఏడాది మేలో సాధారణ సభలో 116 దేశాలు మారిషస్ పక్షాన, 6 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారత్ ఆ 116లో ఒకటి. 2025 మేలో బ్రిటన్, మారిషస్ సంతకం చేసిన ఒప్పందం సార్వభౌమత్వం మారిషస్‌దే అంటూనే డియెగో గార్సియా స్థావరాన్ని 99 ఏళ్లపాటు బ్రిటన్ చేతిలోనే ఉంచింది. ఇదంతా పుస్తకంలో ముక్తసరిగా ఉంది. లేనిది ఒక్కటే: ఆ బేరంలో చాగోస్ ప్రజలను బల్ల దగ్గర కూర్చోబెట్టలేదని వాళ్లలో చాలామంది చేస్తున్న ఆరోపణ. రెండు రాజధానులు మాట్లాడుకుని తేల్చుకున్నదాన్ని స్వయంనిర్ణయం అనవచ్చా అన్న ప్రశ్న వేయకపోతే ఈ పాఠం సగమే అవుతుంది.

దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల ఊసు దాదాపు లేదు. 2013లో బ్రిటన్ కిందే ఉంటామని 99.8 శాతం మంది ఓటు వేశారు, వద్దన్నవాళ్లు ముగ్గురే. వలస వచ్చిన జనానికి స్వయంనిర్ణయ హక్కు వర్తించదని, ఆ దీవులు తనవేనంటున్న అర్జెంటీనా వాదన. కరీబియన్ దీవి ఆంగ్విల్లా మాట అసలే లేదు. 1967లో పొరుగు దీవి సెయింట్ కిట్స్ పోలీసులను తమ దీవి నుంచి తరిమేసి, ఆ పొరుగు దీవి పెత్తనం కన్నా బ్రిటన్ పాలనే నయమని తేల్చి చెప్పినవాళ్లు అక్కడి జనం.

పిల్లలకు నేను ఇచ్చిన సలహా ఇది: పుస్తకం చదవండి, పటాన్ని సరిదిద్దుకోండి. మూడు రంగుల మార్కర్లు తెచ్చుకుని జాబితాలో ఉన్నవి, స్వేచ్ఛా అనుబంధంలో ఉన్నవి, విలీనమైనవి విడివిడిగా గుర్తు పెట్టుకుంటే 350 రూపాయలకు ఇది గిట్టుబాటే. ఖండాలు, నదులు, పర్వతాల వరకే కావాలనుకునేవాళ్లకు మార్కర్ల అవసరం కూడా లేదు. కొనేటప్పుడు మడత పెట్టిన ప్రతి కాకుండా చుట్టిన ప్రతి అడిగి తీసుకోవాలి. మడత గీత సరిగ్గా టోకెలావ్, కుక్ దీవుల పేర్ల మీదుగా పోతుంది, కొన్నాళ్లకు అక్కడి అక్షరాలు రాలిపోతాయి.