తేదీ ముందా, లక్ష్యం ముందా? ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలకు ఏది మేలు?

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించే బృందంలో విడుదల ప్రణాళిక గురించి తరచూ తలెత్తే తగవు ఒకటుంది. ముందుగా తేదీ ఖాయం చేసుకుని ఆనాటికి సిద్ధమైనవాటితో విడుదల చేయాలా, లేక అందరూ ఒప్పుకున్న లక్ష్యాలు నెరవేరేదాకా ఆగాలా? కంపెనీలో అయితే ఒక పని వెనకబడినప్పుడు పై అధికారి నలుగురిని అటు మళ్లించగలడు. స్వచ్ఛందంగా పనిచేసే డెవలపర్లకు అటువంటి పై అధికారి ఉండడు కనుక, ఉమ్మడి లక్ష్యం ఎంత గొప్పదైనా దాన్ని భుజాన వేసుకునే మనిషి దొరికితేనే ముందుకు సాగుతుంది. రెండు పద్ధతుల మంచిచెడ్డలను ఈ పరిమితిని దృష్టిలో పెట్టుకునే తూచాలి.

లక్ష్యాన్ని ముందు పెట్టే పద్ధతిని తేలిగ్గా తీసిపారేయలేము. 2001లో ఓపెన్‌బీఓఎస్ పేరుతో మొదలైన హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్, తన తొలి పూర్తిస్థాయి విడుదల బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఐదవ విడుదలకు తయారైన ప్రోగ్రాములను నడపగలగాలని నిశ్చయించుకుంది. ఏ పని చేపట్టాలి, దేన్ని తరవాతికి వదిలేయాలి అన్న వాదనలు చాలావరకు ఆ నిర్ణయంతోనే తేలిపోయేవి. అయితే తొలి ఆల్ఫా (తొలి దశ పరీక్షా ప్రతి) 2009లో, తొలి బీటా (మరింత పక్వమైన పరీక్షా ప్రతి) 2018లో, అయిదవ బీటా 2024లో వచ్చాయి. ఈలోగా ప్యాకేజీల (ప్రోగ్రాముల కట్టల) నిర్వహణ వంటి, బీఓఎస్‌లో లేని కొత్త ఏర్పాట్లు కూడా వచ్చి చేరాయి. చిన్న బృందం అంత ఓపికగా ఒకే గమ్యాన్ని పట్టుకుని ఉండడం మెచ్చుకోదగినదే.

బృందం పెద్దదైతే ఇదే పద్ధతి గుదిబండగా మారుతుంది. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం) మొత్తానికి ఉన్న, ఒకసారికి ఒక్క ప్రాసెసర్‌నే లోపలికి రానిచ్చే ఒకే పెద్ద తాళాన్ని చిన్న తాళాలుగా విడగొట్టి, అనేక ప్రాసెసర్లు ఏకకాలంలో కెర్నెల్ లోపల పనిచేసేలా చేయాలన్నది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 5వ శ్రేణికి పెట్టుకున్న ప్రధాన లక్ష్యం. 4.0 విడుదల 2000 మార్చిలో రాగా, 5.0 2003 జనవరిలో వచ్చింది. ఆ శ్రేణి స్థిరపడిందని చెప్పుకోగలిగిన 5.3 కోసం 2004 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది. అంతకాలం పాత శ్రేణినీ నిలబెడుతూ, కొత్తదాన్నీ నడుపుతూ బృందం రెండు వైపులా చీలిపోయింది. లినక్స్ కెర్నెల్ కూడా 2001 జనవరిలో వచ్చిన 2.4 నుంచి 2003 డిసెంబరులో వచ్చిన 2.6 దాకా ఈ బాధే పడింది. తదుపరి విడుదల మూడేళ్ల దూరంలో ఉందని తెలిసినప్పుడు ప్రతి డెవలపరూ తన సగం ఉడికిన పనిని ఇప్పుడే లోపలికి నెట్టాలని చూస్తాడు, దానివల్ల విడుదల ఇంకా ఆలస్యమవుతుంది, ఆలస్యం చూసి మరికొందరు మరికొన్ని తెచ్చి చేరుస్తారు.

తేదీ పద్ధతి విరగ్గొట్టేది ఈ విషవలయాన్నే. నేటి లినక్స్ కెర్నెల్‌లో కొత్త మార్పులను చేర్చుకునే రెండు వారాల గడువు, అంటే మెర్జ్ విండో, తెరుచుకుంటుంది, ఆ తరవాత వారానికొకటి చొప్పున ఏడెనిమిది పరీక్షా ప్రతులు వస్తాయి, మొత్తం తొమ్మిది పది వారాల్లో విడుదల ముగుస్తుంది. ఒక విండో తప్పినవారు నష్టపోయేది రెండు నెలలే కనుక గొడవపడే అవసరం పెద్దగా ఉండదు. ఆరు నెలలకొకసారి విడుదల చేసే ఓపెన్‌బీఎస్‌డీకీ, ఏప్రిల్, అక్టోబరు నెలలకు కట్టుబడిన, లినక్స్ కెర్నెల్‌పై కూర్చిన పూర్తి వ్యవస్థ (పంపిణీ) అయిన ఉబుంటుకూ ఈ సౌలభ్యమే దక్కుతోంది.

అయితే ఆరు నెలల్లో ఇమడని పని వచ్చినప్పుడు తేదీ ఇబ్బంది పెడుతుంది. ఇన్‌స్టాలర్‌ను (సిస్టమ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రోగ్రామును) కొత్తగా రాయడానికి పూనుకున్న, మరో లినక్స్ పంపిణీ ఫెడోరా 18వ విడుదల, 2012 నవంబరుకు అనుకున్నది 2013 జనవరిలో వచ్చింది. పాత ఇన్‌స్టాలర్‌కు వెనక్కి వెళ్లే దారి మిగలకపోవడమే అందుకు ప్రధాన కారణం. ఫెడోరాలో ఇప్పుడు పెద్ద మార్పును ప్రతిపాదించేవారు, అది సమయానికి కుదరకపోతే ఏం చేస్తారో కూడా ముందే రాసి ఇవ్వాలి. నా దృష్టిలో ప్రతిపాదనలో అత్యంత విలువైన భాగం అదే.

ఒకే లక్ష్యం రెండు క్యాలెండర్లలో ఎలా నడుస్తుందో 2024లో స్పష్టంగా కనిపించింది. సెకన్లను 32 బిట్ల సంఖ్యలో లెక్కించే సమయ గణన 2038 జనవరిలో నిండిపోతుంది కనుక, ఆర్మ్ అనే రకం ప్రాసెసర్లున్న 32 బిట్ యంత్రాలపై దాన్ని 64 బిట్లకు మార్చే పని, స్వచ్ఛంద డెవలపర్ల లినక్స్ పంపిణీ డెబియన్, ఉబుంటు రెండింటిలోనూ ఆ ఏడాది తొలి నెలల్లో మొదలైంది. ఒక లైబ్రరీని (అనేక ప్రోగ్రాములు పంచుకునే కోడ్‌ను) మారిస్తే దానిపై ఆధారపడిన ప్యాకేజీలన్నీ మళ్లీ నిర్మించవలసిన పని అది. డెబియన్ 13 విడుదలైంది 2025 ఆగస్టులో కాబట్టి అక్కడ చిక్కుముడులు విప్పుకోవడానికి ఏడాదికి పైగా గడువు దొరికింది. ఉబుంటు 24.04 మాత్రం ఏప్రిల్ 25న రావలసి ఉంది. ఆ ఒత్తిడి మధ్యలోనే, మార్చి 29న, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాధనంలో ఎవరో దాచిపెట్టిన దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడింది. అనుమానమున్న కాలంలో తయారైన ప్యాకేజీలను మళ్లీ నిర్మించడానికి బీటాను వారం వెనక్కి జరిపారు, తుది తేదీని మాత్రం నిలబెట్టుకున్నారు. జీతం తీసుకునే ఇంజినీర్లు వెనక ఉన్నందువల్ల సాధ్యమైన నిబ్బరం అదని నా అంచనా. స్వచ్ఛంద బృందం నుంచి దాన్ని ఆశించడం న్యాయం కాదు.

అలాగని డెబియన్ తేదీలను పూర్తిగా వదిలేయలేదు. 3.0 (2002 జులై), 3.1 (2005 జూన్) విడుదలల మధ్య దాదాపు మూడేళ్లు గడిచాక ఆలస్యం ఎంత ఖరీదైనదో అందరికీ తెలిసివచ్చింది. 2009 జులైలో విడుదల బృందం, ఆ డిసెంబరులోనే ఫ్రీజ్ (కొత్త మార్పులను ఆపి బగ్గులను సరిచేయడంపైనే దృష్టి పెట్టే దశ) ఉంటుందని ప్రకటించింది. తమను అడగకుండా నిర్ణయించారని డెవలపర్లు అభ్యంతరం చెప్పడంతో వెనక్కి తగ్గవలసి వచ్చింది, చివరకు 2010 ఆగస్టులో ఫ్రీజ్ జరిగింది. పైనుంచి ప్రకటించినంత మాత్రాన ఏ తేదీ అయినా ఉమ్మడిది అయిపోదు. ఇప్పుడు అక్కడ ఫ్రీజ్ దశల తేదీలు చాలా ముందుగా తెలుస్తాయి, విడుదల తేదీ మాత్రం తీవ్రమైన బగ్గులు తగినంత తగ్గాకే ఖరారవుతుంది. పరిష్కారం కాని బగ్గు ఉన్న ప్యాకేజీని, మరీ కీలకమైనది కాకపోతే, తీసివేసి ముందుకు సాగుతారు. 2017, 2019, 2021, 2023, 2025 విడుదలలన్నీ జూన్, ఆగస్టు నెలల మధ్య రావడం చూస్తే ఈ సగం పట్టు, సగం విడుపు బాగానే పనిచేస్తోందని ఒప్పుకోవాలి. విడివిడి విడుదలలు లేకుండా నిరంతరం కొత్త మార్పులను అందించే ఆర్చ్, టంబుల్‌వీడ్ వంటి రోలింగ్ పంపిణీలకు ఈ తగవే లేదు, కానీ ఏళ్ల తరబడి కదలకుండా నడవవలసిన సర్వర్లకు అవి సాధారణంగా సరిపడవు.

కాబట్టి ఎక్కువ భాగం స్వచ్ఛంద శ్రమపై నడిచే ప్రాజెక్టుకు, ఫ్రీజ్ తేదీని బిగించి విడుదల తేదీని వదులుగా ఉంచడమే మేలని నా అభిప్రాయం. పెద్ద లక్ష్యాలు రెండు మూడుకు మించకుండా, బాధ్యుల పేర్లతో, విడుదల చక్రం మొదట్లోనే మొదలుకావాలి. వినియోగదారులకు ఏళ్ల మద్దతును హామీ ఇచ్చి, అందుకు ఇంజినీర్లను నియమించుకున్న సంస్థ అయితే కచ్చితమైన తేదీకే కట్టుబడవచ్చు. హైకూ వంటి చిన్న బృందం లక్ష్యాన్నే ముందు పెట్టుకున్నా, బీటాలను మాత్రం ఏడాదికొకసారైనా ఆనాటికి పనిచేస్తున్నవాటితో విడుదల చేస్తే పరీక్షించేవారు చేజారిపోకుండా ఉంటారు.